బావి ఎవరి వాటాలో పడింది

ఏటూరునాగారం దిక్కు నుంచి పొద్దుటి మొదటి బస్సుకు వచ్చిన ఒక తల్లి మా కౌంటర్ మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. మా ల్యాబు హనుమకొండలో. హిమోగ్లోబిన్‌లో ఏ రకం ఎంత ఉందో విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ దగ్గర పదకొండేళ్లుగా నా డ్యూటీ. రెండు రిపోర్టుల కిందా ఒకే వాక్యం టైపు చేసి ఉంది: సికిల్ సెల్ జబ్బు, హోమోజైగస్. అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, ఆ జన్యువు అమ్మానాన్నలిద్దరి నుంచీ వచ్చిందని. ఒకటి పద్నాలుగేళ్ల కూతురిది, ఇంకోటి పదకొండేళ్ల కొడుకుది.

"మేడం, పిల్లగానిది మళ్లొకసారి చూడరాదుండ్రి. తప్పొచ్చినట్టున్నది," అన్నది.

కూతురికి ఏడాదిలో నాలుగైదుసార్లు కాళ్లు, నడుము, ఛాతీ పట్టేసే నొప్పి వస్తుంది. సెలైన్ ఎక్కించి రెండు మూడు రోజులు పడుకోబెట్టాల్సిందే. కొడుకు బడి కబడ్డీ జట్టులో ఉన్నాడు. అక్కడ స్క్రీనింగ్ చేస్తే బయటపడింది గానీ, వాడికి జబ్బుందని అంతవరకు ఎవరికీ అనుమానం రాలేదు. "ఇద్దరికీ ఒక్కటే అయితే వానికేం కాదేంది? పిల్లకే గింత గోసేంది?"

రిపోర్టులో తప్పేం లేదు. ఆమె ప్రశ్నలోనూ లేదు. హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసేమియా ఇళ్లవాళ్లు, రక్తం సరిగా గడ్డకట్టని హిమోఫిలియా ఇళ్లవాళ్లు కూడా ఇదే అడుగుతారు. జబ్బు పేరు చెప్పేసి ఊరుకోవడం మాకు అలవాటైపోయింది. అది ఎంత బలంగా ఉంటుందో ఆ పేరులో లేదని మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు.

అసలు కథలోకి పోయే ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. ఇంట్లో అందరికీ "సికిల్ పాజిటివ్" అంటే అందరికీ ఉన్నది ఒకటే కానక్కర్లేదు. గూడేల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ముందుగా చేసేది సాల్యుబిలిటీ టెస్టు. ట్యూబులోని ద్రావణంలో కొంచెం రక్తం కలిపి, వెనక గీతల కాగితం పెట్టి చూస్తారు. గీతలు కనపడకుండా మసకబారితే పాజిటివ్. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే చెడ్డ జన్యువు వచ్చినవాళ్లకూ, ఇద్దరి నుంచీ వచ్చినవాళ్లకూ పడేది అదే మసక. మొదటిరకం వాళ్లు వాహకులు. వాళ్ల రక్తంలో సగానికి పైగా మామూలు హిమోగ్లోబినే ఉంటుంది కాబట్టి సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు. "నాకూ పాజిటివే ఉన్నది, నేను క్వింటాల్ బస్తా మోస్త" అని కొట్టిపారేసే తండ్రి ఈ రకం. ఆ మాట విని, పిల్ల నొప్పిని "నాటకాలు" అనేవాళ్లను చూశాను. ఆ తండ్రికున్నదీ ఆ పిల్లకున్నదీ ఒక జబ్బే కాదు.

ఇంకో రకం కూడా ఉంది. ఒకరి నుంచి సికిల్ జన్యువు, రెండోవారి నుంచి బీటా తలసేమియా జన్యువు కలిసి వస్తాయి. ఆ తలసేమియా జన్యువు కొద్దో గొప్పో పనిచేసే రకమైతే జబ్బు కాస్త మెత్తగా ఉంటుంది, అసలు పనిచేయనిదైతే పూర్తి సికిల్ జబ్బులాగే కొడుతుంది. ఇవన్నీ తేల్చాలంటే సాల్యుబిలిటీ చాలదు, హెచ్‌పీఎల్‌సీ కావాలి, అమ్మానాన్నల రక్తం కూడా కావాలి. అది కూడా రక్తం ఎక్కించుకున్న మూడు నెలల్లోపు చేస్తే మెషిన్ చూపేది దాత హిమోగ్లోబిన్‌ను కూడా కలుపుకొని. ఇనుము బాగా తగ్గి ఉన్నప్పుడు చేస్తే తలసేమియా వాహకుల్లో ఎక్కువగా ఉండే ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ అంకె కిందికి జారి వాళ్లు మామూలు మనుషుల్లా కనపడొచ్చు.

ఆ తల్లి తెచ్చిన రెండు కాగితాల్లో ఈ గొడవేదీ లేదు. ఇద్దరికీ నికరంగా రెండు సికిల్ జన్యువులు. పదకొండో క్రోమోజోమ్ మీద, బీటా గ్లోబిన్ జన్యువులో, ఒకే ఒక్క అక్షరం మారింది. దానివల్ల గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ కూర్చుంది. ఆక్సిజన్ వదిలేశాక ఆ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని పోగులుగా గట్టిపడి, కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. ఇంతవరకు అక్కాతమ్ముళ్లకు అణువంత తేడా లేదు.

తేడా కాగితం మీద ఇంకో వరుసలో ఉంది. కూతురి రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎఫ్ 9 శాతం. కొడుకు దాంట్లో 24. రక్తకణాల లెక్క తీసే సీబీసీ పరీక్షలో చూస్తే పిల్ల ఎర్రకణం సైజు 88, వాడిది 71. ఆ తల్లి వేలు పట్టుకుని ఈ రెండు వరుసలే చూపించాను.

మా దిక్కు అన్నదమ్ములు భూమి పంచుకునేటప్పుడు గొలుసు పెట్టి ఎకరాలు సమానంగా కొలుస్తారు. పదేళ్ల తర్వాత పోయి చూస్తే ఒకడు రెండు పంటలు తీస్తుంటాడు, ఇంకొకడు మొగులు దిక్కు చూస్తుంటాడు. ఎకరం ఎకరమే, బావి ఎవరి వాటాలో పడిందన్నదే తేడా. "నీ పిల్లలకు జబ్బు సమానంగనే పంచినవక్కా, బావి పిల్లగానికి పడ్డది" అన్నాను. ఆమెకు ఆ ఒక్క మాటతో సగం అర్థమైంది. మిగతా సగం ఇదీ.

హిమోగ్లోబిన్ ఎఫ్ అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు మనందరిలో ఉండే హిమోగ్లోబిన్. పుట్టాక నెలనెలా తగ్గిపోయి, పెద్దవాళ్లలో సాధారణంగా ఒక శాతం లోపే మిగులుతుంది. సికిల్ ఉన్న పసిపిల్లలు మొదటి ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా ఉండేది దీనివల్లే. 1948లో జానెట్ వాట్సన్ అనే న్యూయార్క్ పిల్లల డాక్టరు, నవజాత శిశువుల రక్తంలో కణాలు అంతగా వంగడం లేదని గమనించి, వాళ్లను కాపాడుతున్నది కడుపులోనాటి హిమోగ్లోబినే అయి ఉంటుందని చెప్పింది. నిజమే, ఎఫ్ ఆ పోగుల్లో చేరదు. అతుక్కోబోతున్న వరుస మధ్యలో అడ్డం నిలబడి పోగు సాగనివ్వదు. కణం చిన్న రక్తనాళం దాటి ఊపిరితిత్తులకు చేరి మళ్లీ ఆక్సిజన్ అందుకునేదాకా వంకర తిరగకపోతే చాలు, గండం గడిచినట్టే.

కొందరిలో ఈ ఎఫ్ పెద్దయ్యాక కూడా ఎందుకు తగ్గదు? మధ్య భారతంలో, గోండు, కోయ ప్రాంతాల్లో ఉన్న సికిల్ జన్యువును అరబ్-ఇండియన్ రకం అంటారు. ఆఫ్రికాలో ఎక్కువగా కనపడే రకాలతో పోలిస్తే దీంతో పాటు వచ్చే ఎఫ్ ఎక్కువ. మన దగ్గర సికిల్ మెత్తగా ఉంటుందని పాత పుస్తకాల్లో రాసింది ఇందుకే. ఆ మాట నమ్మి పిల్ల నొప్పిని తేలిగ్గా తీసుకునే డాక్టర్లూ ఉన్నారు, అది వేరే బాధ. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ అదృష్టం జబ్బు జన్యువు పక్కనే, అదే పదకొండో క్రోమోజోమ్ మీద అంటిపెట్టుకుని వస్తుంది. అంటే అక్కకూ ఉంది, తమ్ముడికీ ఉంది. ఇద్దరికీ సమానంగా ఉన్నది తేడాకు కారణం కాలేదు. ఇంకెక్కడో వెతకాలి.

వెతికితే మూడు చోట్ల దొరుకుతుంది. రెండో క్రోమోజోమ్ మీద బీసీఎల్11ఏ అనే జన్యువు ఉంది, పుట్టాక ఎఫ్ తయారీని కట్టేసే తాళం లాంటిది. కొందరికి ఆ తాళం కాస్త వదులు. ఆరో క్రోమోజోమ్ మీద మైబ్ అనే జన్యువు దగ్గర ఇలాంటిదే ఇంకో చోటు. పదహారో క్రోమోజోమ్ మీద ఆల్ఫా గ్లోబిన్ జన్యువులు. ఇవేవీ జబ్బు జన్యువుతో కలిసి ప్రయాణం చేయవు. తల్లి దగ్గర ప్రతి క్రోమోజోమ్ రెండేసి, తండ్రి దగ్గర రెండేసి, బిడ్డకు ఒక్కొక్కరి నుంచి ఒక్కోటి. ఒక చోట ఇద్దరు తోబుట్టువులకు అచ్చంగా అవే రెండు అందడానికి నాలుగింట ఒక అవకాశం. మూడు చోట్లా అవే అందాలంటే 64లో ఒకటి. సికిల్ ఇద్దరికీ రావడం ఒక పంపకం, ఈ మూడూ మూడు వేరే పంపకాలు. ఈ లెక్క చూశాక పిల్లలిద్దరూ ఒకేలా ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

కొడుకు ఎర్రకణం సైజు 71 దగ్గర ఉండటానికి ఆ పదహారో క్రోమోజోమే కారణమై ఉండాలి. ఆల్ఫా జన్యువులు మనిషికి మామూలుగా నాలుగు. ఒకటో రెండో తక్కువైతే కణంలో హిమోగ్లోబిన్ కాస్త పలచబడుతుంది. పోగులు కట్టడమనేది సికిల్ హిమోగ్లోబిన్ ఎంత చిక్కగా ఉందన్నదాని మీద విపరీతంగా ఆధారపడి ఉంటుంది. చిక్కదనం కొద్దిగా తగ్గినా పోగు పడటం బాగా ఆలస్యమవుతుంది. అంటే ఒక లోపం ఇంకో లోపానికి మందైంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రక్తకణాలు తక్కువ పగిలేసరికి రక్తం చిక్కబడుతుంది. అలాంటివాళ్లకు పక్షవాతం, కాలి పుండ్లు తక్కువైనా తుంటి ఎముక తల అరిగిపోవడం తక్కువ కాదు, ఎక్కువే కావచ్చు. బావి ఉన్న పొలంలో పాములూ ఉంటాయి. కబడ్డీ ఆడే ఆ పిల్లగాడికి తొడ మొదట్లో నొప్పి అంటే కండరం పట్టిందని నూనె రాసి ఊరుకోవద్దని తల్లికి రెండుసార్లు చెప్పాను.

ఒకే ఇంట్లో ఇన్ని రక్త లోపాలు ఎందుకు పోగుపడ్డాయని ఎవరైనా అడగొచ్చు. దానికి జవాబు దోమ. తలసేమియా వాహకులకు మలేరియా నుంచి రక్షణ ఉండి ఉంటుందని 1949లో హాల్డేన్ అనే జన్యుశాస్త్రవేత్త ఊహించాడు. ఆయనే తర్వాత భారత పౌరుడై 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. సికిల్ వాహకుల విషయంలో తూర్పు ఆఫ్రికాలో అలిసన్ అనే డాక్టరు 1954లో ఇదే చూపించాడు. వేల ఏళ్లు అడవిలో మలేరియాతో బతికిన తెగల్లో సికిల్, ఆల్ఫా లోపం, ఎర్రకణాన్ని కాపాడే ఒక ఎంజైము తగ్గే జీ6పీడీ లోపం మూడూ నిలిచిపోయాయి. జబ్బునూ, దాన్ని మెత్తబరిచేదాన్నీ ఒకే చెయ్యి నాటింది.

తలసేమియాలో ఈ పంపకం ఇంకా స్పష్టంగా కనపడుతుంది. హిమోగ్లోబిన్ అంటే రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు జతకట్టినది. బీటా తయారు కాకపోతే రక్తం తక్కువవుతుందని అందరూ అనుకుంటారు. అసలు నష్టం చేసేది జోడీ దొరకని ఆల్ఫా. అరకకు కట్టని ఎద్దు చేన్లో పడి మేసినట్టు, అది ఎముక మూలుగలోనే పేరుకుపోయి పుట్టబోయే ఎర్రకణాలను చంపేస్తుంది. కాబట్టి తీవ్రతను నిర్ణయించేది బీటా ఎంత తగ్గిందన్నది ఒక్కటే కాదు, ఆల్ఫా ఎంత మిగిలిపోయిందన్నది కూడా. బీటా తలసేమియా ఉన్న పిల్లకు ఆల్ఫా జన్యువులు కూడా తక్కువైతే మిగులు తగ్గుతుంది, జబ్బు మెత్తబడుతుంది. ఎఫ్ ఎక్కువ తయారైతే దాని గామా గొలుసులు మిగిలిన ఆల్ఫాకు జోడీ అవుతాయి, అప్పుడూ మెత్తబడుతుంది. అందుకే మన దేశంలో ఎక్కువగా కనిపించే ఐవీఎస్ 1-5 అనే ఒకే జన్యు మార్పు ఉన్నా, ఒక బిడ్డకు ఏడాది నిండకముందే రక్తం ఎక్కించడం మొదలుపెట్టాల్సి వస్తే తోబుట్టువు నాలుగేళ్ల దాకా లాక్కొస్తుంది.

తిరగబడ్డ కేసు మా ఇంట్లోనే ఉంది. మా చిన్నమ్మ బిడ్డలిద్దరూ బీటా తలసేమియా వాహకులు. తమ్ముడికి హిమోగ్లోబిన్ 11 ఉంటుంది, పొలం పని, బండి నడపడం అన్నీ చేస్తాడు. అక్కకు 8 దాటదు, ప్లీహం పెరిగి చేతికి తగులుతుంది. ఒక ప్రైవేటు దవాఖానాలో ఆమెకు రక్తహీనత అని ఆరేళ్లు ఇనుము గోలీలు రాశారు. గోలీలు మారాయి, కంపెనీలు మారాయి, అంకె మారలేదు. ఏ2 చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటిల్లిపాదికీ రక్తం తీసినప్పుడు ఆమెకు ఏ2 ఐదు దాటి ఉంది. తర్వాత డీఎన్ఏ పరీక్షలో తేలిందేమంటే, ఆమెకు ఆల్ఫా జన్యువులు నాలుగుకు బదులు ఐదు. ఒక్క జన్యువు ఎక్కువై, మామూలు వాహకురాలిని సగం రోగిని చేసింది. తమ్ముడికి నాలుగే. ఇంట్లో అయితే ఇన్నేళ్లూ "దానికి తిండి సయించదు, అందుకే అట్లున్నది" అన్నారు.

హిమోఫిలియా మాత్రం ఈ లెక్కకు కొంచెం ఎడంగా నిలబడుతుంది. రక్తం గడ్డకట్టే ఫ్యాక్టర్ ఒక శాతం లోపు ఉంటే తీవ్రం, ఒకటి నుంచి ఐదు మధ్యస్థం, ఐదు నుంచి నలభై మెత్తన. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు సాధారణంగా ఆ అంకె ఒకటే వస్తుంది. అయినా అన్న మోకాలు ముడుచుకుపోయి కుంటుతుంటే తమ్ముడు సైకిల్ తొక్కుతుంటాడు. ఇక్కడ తేడా జన్యువుల్లో కంటే పుట్టిన వరుసలో ఎక్కువ. పెద్దోడికి జబ్బేమిటో తెలిసేసరికే మోకాల్లోకి పదిసార్లు రక్తం దిగి కీలు పాడైపోయింది. చిన్నోడు పుట్టేసరికి అమ్మానాన్నలకు అన్నీ తెలుసు. వాపు కనపడగానే ఫ్యాక్టర్ ఎక్కించారు. ఇది నేను చూసిన ప్రతి జబ్బులోనూ ఉంది. ఇంటిల్లిపాదీ పెద్దబిడ్డ మీదే నేర్చుకుంటారు, ఆ ఖర్చు ఆ బిడ్డ కడుతుంది.

హిమోఫిలియా ఇళ్లలో ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లు వాహకులు మాత్రమే, వాళ్లకేం కాదని చాలాకాలం అనుకున్నారు. హిమోఫిలియా జన్యువు ఉండే ఎక్స్ క్రోమోజోములు ఆడపిల్ల ప్రతి కణంలో రెండుంటే, పిండం తొలిదశలోనే ఏ కణానికి ఆ కణం ఒకదాన్ని మూసేస్తుంది. 1961లో మేరీ లయన్ చెప్పిన సంగతి ఇది. ఏది మూసుకుంటుందన్నది బొమ్మాబొరుసే. మంచి ఎక్స్ ఎక్కువ కణాల్లో మూసుకుపోయిన అక్కకు ఫ్యాక్టర్ ముప్పై శాతం దగ్గర ఆగి, కాన్పులో రక్తం కట్టకుండా పోవచ్చు. చెల్లెలికి తొంభై ఉండొచ్చు. వాహకురాలు అన్న మాట విని ఫ్యాక్టర్ చూడకుండా ఆపరేషన్‌కు తీసుకెళ్లకూడదు. ఇలాంటిదే వాన్ విల్లెబ్రాండ్ జబ్బు, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఇంకో ప్రోటీన్ లోపం. దాంట్లో 'ఓ' గ్రూపు రక్తం ఉన్నవాళ్లకు ఆ ప్రోటీన్ మామూలుగానే పావు వంతు దాకా తక్కువ ఉంటుంది. కాబట్టి ఒకే ఇంట్లో 'ఓ' గ్రూపు వాళ్లకు ముక్కు నుంచి రక్తం కారి, ఏబీ వాళ్లకు ఏమీ కాకపోవచ్చు.

జీ6పీడీ లోపమైతే బయటి నుంచి ఏదో ఒకటి వచ్చి తట్టి లేపేదాకా నిద్రపోతూనే ఉంటుంది. అరవై ఏళ్లు ఏ గొడవా లేని పెద్దాయనకూ, మలేరియాకు ప్రైమాక్విన్ వేసుకున్న మూడో రోజు కోకకోలా రంగులో మూత్రం పోసి కళ్లు పచ్చబడ్డ మనవడికీ లోపం అదే కావచ్చు. పెట్టెలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు కూడా చాలు. ఆ బట్టలు దులపకుండా పసిబిడ్డకు చుట్టి రక్తం పగిలిన సంగతులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. తట్టేది తగలనంతకాలం రోగి, ఆరోగ్యవంతుడు అనే తేడాయే ఉండదు.

సికిల్‌లోనూ బయటి నుంచి తట్టేది ఉంది, కానీ అది లోపలి లెక్కతోనే కలుస్తుంది. నీళ్లు తాగకపోతే కణం ఎండిపోతుంది, లోపల హిమోగ్లోబిన్ చిక్కబడుతుంది, పోగులు తొందరగా పడతాయి. జ్వరం, చలి, అలసట తలా ఒక చెయ్యి వేస్తాయి. ఆ తల్లిని ఇంటి సంగతి అడిగాను. సెలవులొస్తే పిల్ల మిరపకాయ ఏరడానికి పోతుందట, మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా. చేన్లో చాటు దొరకదని పొద్దుట్నుంచి నీళ్లు తాగదట. పిల్లగాడు ఆ టైంలో కబడ్డీ ఆడి, బోరు కింద తల పెట్టి, కడుపునిండా తాగి వస్తాడు. బావి వాడి వాటాలో పడిందన్న నా మాట అంతకుముందు చెప్పినంత తేలిగ్గా లేదని అప్పుడు అనిపించింది.

రెండు అపోహలు ఆమె నోటి నుంచే వచ్చాయి. ఒకటి అత్తగారిది: "మీ పుట్టింటి రోగం." రెండు సికిల్ జన్యువులున్న బిడ్డకు ఒకటి తల్లి నుంచి వస్తే ఇంకోటి తండ్రి నుంచే రావాలి. మేనరికమైతే ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది, కానీ ఏ మేనరికమూ లేని సంబంధాల్లోనూ ఒకే కులంలో, ఒకే తెగలో తరతరాలుగా చేసుకుంటూ వచ్చినందుకు కలుస్తూనే ఉన్నాయి. రెండోది ఇంకా ప్రమాదం: "మళ్లొక బిడ్డ పుడితే పిల్లగానిలెక్కనే ఉంటడు గదా?" అని అడిగింది. ప్రతి కాన్పుకూ పంపకం కొత్తగా మొదలవుతుంది. జబ్బు రావడానికి నాలుగింట ఒక అవకాశం, వస్తే ఎంత బలంగా వస్తుందో ముందే చెప్పలేం. గర్భం 10 నుంచి 12 వారాల మధ్య మాయ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష సికిల్ ఉందో లేదో చెబుతుంది. వచ్చే బిడ్డ అక్కలా ఉంటుందా, తమ్ముడిలా ఉంటుందా అంటే దాని దగ్గరా జవాబు లేదు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని పెట్టుకుంది. నలభై ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్లమందిని పరీక్షించాలన్నది లెక్క. ఆ పిల్లగాడు బయటపడింది అలాంటి స్క్రీనింగ్‌లోనే. మెత్తగా ఉన్న జబ్బును ముందుగా పట్టుకోవడం వల్ల లాభం ఉంది. వాడికీ న్యుమోనియా టీకా పడాలి, జ్వరమొస్తే అదే రోజు డాక్టరు చూడాలి, ఏడాదికోసారి కళ్లు చూపించాలి.

ఈ పంపకాన్ని చూసి శాస్త్రవేత్తలు మందు కూడా పట్టారు. బీసీఎల్11ఏ అనే ఆ తాళం వదులైనవాళ్లకు తలసేమియా మెత్తగా ఉంటోందని 2008లో సార్డీనియా ద్వీపవాసుల మీద తేలింది. 2023 నవంబరులో బ్రిటన్ అనుమతించిన క్యాస్‌జెవీ చికిత్సలో రోగి మూలకణాలను తీసి, అదే తాళాన్ని కత్తిరించి తిరిగి ఎక్కిస్తారు. కొందరు పుట్టుకతో తెచ్చుకున్నదాన్ని కోట్ల ఖర్చుతో తయారు చేయడమే అది. ఏటూరునాగారం దాకా అది ఎప్పటికొస్తుందో గానీ, దాని చిన్న చెల్లెలు ఎప్పటినుంచో మందుల షాపులో ఉంది. హైడ్రాక్సీయూరియా గోలీ ఎఫ్‌ను కొంత పెంచుతుంది. డాక్టరు చూసి మోతాదు రాయాలి, మధ్యమధ్య రక్తకణాల లెక్క చూసుకోవాలి, ఎవరికి ఎంత పెంచుతుందన్నది మళ్లీ మనిషిని బట్టే.

కాగితాలు మడుస్తుంటే అంతసేపూ మాట్లాడని పిల్ల, తమ్ముడి రిపోర్టు మీద వేలు పెట్టింది. "మేడం, నాకు ఆ ఇరవై నాలుగు రాదా?"

"ఇరవై నాలుగంటే చెప్పలేను బిడ్డా. డాక్టరును అడుగుదాం," అన్నాను.

ఆరు నెలలకు మళ్లీ వచ్చారు. ఈమధ్యలో ఒక్కసారే దవాఖానాలో పడుకుందట. చేనుకు పోవడం మాత్రం మానలేదు, కూలి కావాలి కదా. నడుముకు రెండు లీటర్ల సీసా కట్టుకుని పోతున్నదని తల్లి చెప్పింది. మెషిన్ నుంచి కాగితం బయటికి రాగానే పిల్ల ముందు ఎఫ్ వరుస వెతికింది. 16 ఉంది. గోరుతో దాని కింద గీత గీసి, మళ్లీ ఆరు నెలలకు ఏ తారీఖున రావాలని అడిగింది.